పేరు అడిగితే ఏం చెప్పాలి?



మన ఆసుపత్రి ఓ.పి. కౌంటరు దగ్గర ఒక ఉదయం పూట కాసేపు నిలబడి చూడండి. చీటీ రాసే అమ్మాయి అందరినీ మొదట అడిగేది ఒక్కటే మాట: ‘పేరు?’ ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉండదు. అయినా ఎంతమంది తడబడతారో! పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ముందు భర్త పేరు చెబుతుంది, తరువాత పెద్దకొడుకు పేరు చెబుతుంది. ‘వాళ్ళ పేర్లు కాదమ్మా, నీ పేరు’ అంటే నవ్వి, ‘నా పేరుతో ఏం పని తల్లీ’ అంటుంది. ఇంకొకరికి రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. మరొకరు కొంచెం వెనక్కి చూసి, గొంతు తగ్గించి చెబుతారు.

ఆ మధ్య నర్సింగ్ మొదటి సంవత్సరం చదివే ఒక పిల్ల ఫారం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ‘మేడమ్, ఇందులో ఏ పేరు రాయమంటారు?’ అని అడిగింది. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. జ్ఞానస్నానం రిజిస్టరులో లూర్దుమేరి, పదో తరగతి సర్టిఫికెట్‌లో లక్ష్మి అనుకోండి. మన విచారణల్లో ఇది కొత్త సంగతి కాదు. శౌరయ్య, ఇన్నయ్య, రాయప్ప, చిన్నప్ప అని తాతముత్తాతలకు పునీతుల పేర్లు తెలుగు చేసి పెట్టుకున్న ఇళ్ళలోనే, మనవలకు వచ్చేసరికి కాగితం పేరు వేరైంది, పిలుపు పేరు వేరైంది.

ఎందుకు వేరైందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమైంది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవం తీసుకున్న దళితులకు మాత్రం ఇవ్వలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వారిని బి.సి.-సి కింద పెట్టారు. ఆ గ్రూపు మొత్తానికి ఉన్నది ఒక్క శాతం. ఊరి బావి దగ్గర, పొలం పని దగ్గర, ఆఖరికి కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా కులం పోకపోయినా, కాగితం మీద మాత్రం పోయిందని చట్టం అంటుంది. ఈ అన్యాయం సరిచేయాలని మన పీఠాధిపతులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. కాబట్టి ఆ పిల్ల రెండు పేర్లతో వచ్చిందని ఆమెను అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాదు. ఆమె తండ్రి కూలి చేసుకునే మనిషి. పిల్లను చదివించుకోవడానికి ఆయనకు దొరికిన దారి అది.

కానీ ఆమె ప్రశ్న నన్ను రాత్రంతా వదల్లేదు. ఏ పేరు రాయాలి అని పిల్ల అడిగింది గాని, ‘నేను ఎవరిని’ అనే ప్రశ్న దాని అడుగున ఉంది. ఆ ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పలేకపోయిన రోజు ఒకటి నా జీవితంలో ఉంది. ఇన్నేళ్ళూ దానిని నా దగ్గర చదివిన పిల్లలకు చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగం కూడా అయిపోవచ్చింది కాబట్టి చెబుతున్నాను.

నేను మిషన్ ఆసుపత్రిలో శిక్షణ పొందిన నర్సును. అయితే మధ్యలో కొన్నాళ్ళు జీతం కోసం ఒక పట్టణంలో ప్రైవేటు నర్సింగ్ హోముకు వెళ్ళాను. 1998వ సంవత్సరం. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం వచ్చింది, 1996 జనవరి నుంచి అమలులో ఉంది. గోడ మీద ఆ బోర్డు మా దగ్గర కూడా వేలాడుతూనే ఉంది. ఒక రోజు నాలుగో నెల గర్భిణి ఒకామె అత్తగారితో కలిసి వచ్చింది. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. స్కాన్ అయింది. రిపోర్టులో ఏమీ లేదు, డాక్టరుగారు నోటితో ఏమీ చెప్పలేదు. నన్ను పిలిచి, ‘వాళ్ళను శుక్రవారం రమ్మను’ అన్నారు, అంతే.

అక్కడ పనిచేసేవాళ్ళందరికీ ఆ భాష తెలుసు. సోమవారం అంటే మగబిడ్డ, శుక్రవారం అంటే ఆడబిడ్డ. ఇంగ్లీషు వారాల మొదటి అక్షరాలను పట్టి పెట్టుకున్న గుర్తు. నేను బయటికి వచ్చి అత్తగారితో, ‘శుక్రవారం రమ్మన్నారమ్మా’ అని చెప్పాను. ఆమెకు కూడా ఆ మాట ముందే ఎవరో చెప్పి పంపినట్టున్నారు, మొహం వాడిపోయింది. కోడలు మాత్రం ఏమీ అర్థం కాక నా వైపు చూస్తూ నిలబడింది. నా మెడలో జపమాల ఉంది. అది తపస్సుకాలం కూడాను. అదే వారం సాయంత్రం గుడిలో సిలువ మార్గానికి వెళ్ళి, అందరితో పాటు పద్నాలుగు స్థలాల దగ్గరా మోకరించాను.

వాళ్ళు శుక్రవారం వచ్చారు. ఆ డ్యూటీ నాది కాదు. నాది కాదని నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

మీరు అడగవచ్చు: వెంటనే ఉద్యోగం మానేశావా అని. లేదు. ఇంకో ఏడు నెలలు చేశాను. మా అబ్బాయి ఫీజు కట్టాలి, ఇల్లు అద్దె కట్టాలి. ‘నేను చిన్న నర్సును, చెప్పిన పని చేశాను’ అనే మాటతో మనసును జోకొట్టుకున్నాను. చివరికి క్రిస్మసుకు ముందు పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు ఆ మాటే గురువుగారికి కూడా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. ‘ఆ తల్లి పేరు చెప్పమ్మా, పూజలో తలచుకుందాం’ అన్నారు. నాకు తెలియదు. చీటీ మీద చూసి ఉంటాను, వయసు, బరువు, బి.పి. నేనే రాసి ఉంటాను. పేరు గుర్తులేదు. అక్కడే మొదటిసారి ఏడ్చాను.

నేను ఎవరినో ఆ నర్సింగ్ హోములో నిర్ణయించింది జ్ఞానస్నానం రిజిస్టరు కాదు, మెడలోని జపమాల కాదు. ‘శుక్రవారం’ అనే ఒక్క మాట నిర్ణయించింది. కతోలిక గుర్తింపు గురించి ఈనాడు మన సభల్లో, పత్రికల్లో చాలా మాటలు వినబడుతున్నాయి. గుర్తింపు అంటే చాలామందికి గోడ మీద సిలువ, గేటు దగ్గర మరియమ్మ గుహ, లెటర్‌హెడ్ మీద పునీతుడి పేరు. ఇవి వద్దని నేను అనను. నర్సుల గదిలో ఉన్న లూర్దు మాత పటం చూస్తేనే నాకు సగం అలసట పోతుంది. కానీ ఆ పటాలన్నీ ఉన్న ఆసుపత్రిలో అవసరం లేని స్కాన్ రాస్తే, బయటి ల్యాబు నుంచి కవరు వస్తే, మామూలు కాన్పు అయ్యే తల్లికి ప్యాకేజీ కోసం ఆపరేషన్ చేస్తే, మన గుర్తింపు బిల్లు కౌంటరు దగ్గర ఉందే గాని గుడిలో లేదు. మన మిషన్ ఆసుపత్రుల్లో ఇలాంటివి జరగవని ప్రమాణం చేసి చెప్పగలిగినవారు ఉంటే సంతోషమే.

ఇక రెండో వైపు మాట కూడా ఉంది. ఈ కాలం పిల్లలు అంటారు: ‘మేడమ్, నేను ఎవరో నేనే నిర్ణయించుకుంటాను. ఎవరి మంచి చెడులు వాళ్ళవి.’ వినడానికి ధైర్యంగా ఉంటుంది. కానీ ఎవరి మంచి వాళ్ళదే అయితే ఆ అత్తగారి మంచి ఆమెది, ఆ డాక్టరుగారి మంచి ఆయనది. కడుపులో ఉన్న ఆ మూడో పిల్ల తరఫున మాట్లాడడానికి ఇంక ఎవరు మిగిలారు? 1991 జనాభా లెక్కల్లో దేశంలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 945 మంది ఉండగా, 2001 నాటికి 927కు పడిపోయారు. ఇదంతా ఎవరికి వారు తమ మంచిని తామే నిర్ణయించుకున్న ఇళ్ళలో జరిగిందే.

మనస్సాక్షి విషయంలో మన శ్రీసభ చెప్పే మాట నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రెండవ వాటికన్ మహాసభ 1965లో విడుదల చేసిన ‘గౌదియుం ఎత్ స్పెస్’ అనే పత్రం మనస్సాక్షిని మనిషి లోపలి గర్భగుడిగా చెబుతుంది. మనిషి అక్కడ దేవునితో ఒంటరిగా ఉంటాడు. జగద్గురువులు రెండవ జాన్ పాల్ 1993లో రాసిన ‘వెరితాతిస్ స్ప్లెందోర్’ ఇంకొక అడుగు వేసి, మనస్సాక్షి మంచి చెడులను తయారు చేయదు, ఉన్న సత్యాన్ని గుర్తుపడుతుంది అని వివరిస్తుంది. పిల్లలకు నేను దీనిని పాత పాదరసం బి.పి. మిషన్‌తో చెబుతాను. మిషన్ బి.పి.ని పుట్టించదు, ఉన్నదానిని చూపిస్తుంది. గాలి తీసేసినప్పుడు పాదరసం సున్నా దగ్గర నిలవకపోతే ఎన్నిసార్లు చూసినా లెక్క తప్పే వస్తుంది. చూసే నర్సు ఎంత నిజాయితీపరురాలైనా అంతే. నా లోపలి మిషన్ ఆ రోజుల్లో సున్నా దగ్గర లేదు. జీతం బరువు దాని మీద పడి ఉంది. దానిని సరిచేసుకోవడం అంటే ప్రార్థన చేయడం, చదవడం, పాపసంకీర్తనానికి వెళ్ళడం, తప్పు చెప్పగలిగే స్నేహితురాలిని దగ్గర పెట్టుకోవడం. నాకు వేరే దారి తెలియదు.

ఇలా విశ్వాసమూ వృత్తీ ఒకే మనిషిలో అతుకు కనబడకుండా కలిసిన వారు ఎవరైనా ఉన్నారా అంటే, నాకు మొదట గుర్తుకొచ్చేది మన గుంటూరులో పనిచేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ గారు. ఈ తరం నర్సులకు ఆమె పేరు తెలియకపోవడం మా టీచర్ల లోపమే. ఆమె 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1910లో పట్టా తీసుకున్నారు. ఆడవాళ్ళు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. మెల్‌బోర్న్ నగరంలో పేరున్న డాక్టర్లంతా ఉండే కాలిన్స్ స్ట్రీట్‌లో ఆమె సొంత ప్రాక్టీసు పెట్టారు. 1916లో కతోలిక మహిళల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఇంకేం కావాలి? చదువు ఉంది, సంపాదన ఉంది, సంఘంలో గౌరవం ఉంది, గుడిలో కూడా గౌరవం ఉంది.

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. స్కాట్లండుకు చెందిన ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే వృద్ధ వైద్యురాలి గురించిన పుస్తకం. పరదా చాటున ఉండే మన దేశపు స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోలేక కాన్పుల్లో చనిపోతున్నారని, వారికి వైద్యురాళ్ళు కావాలని మెక్‌లారెన్ గారు తపించి 1913లో కన్నుమూశారు. అది చదివిన మేరీ గారికి తన జీవితపు పని ఏమిటో తెలిసిపోయింది. ఆవేశంలో వెంటనే ఓడ ఎక్కలేదు. ఉపయోగపడే వైద్యురాలిగా వెళ్ళాలని స్త్రీల వైద్యంలో, కంటి వైద్యంలో పైచదువు చదివి 1919లో ఎం.డి. పొందారు. 1920లో గుంటూరు చేరి యేసు మరియ జోజప్పల సభలో మఠకన్యగా చేరారు. అప్పుడు ఆమె వయసు 32.

ఇక్కడ ఒక చిక్కు ఉండేది. మఠంలో చేరినవారు వైద్యవృత్తి చేయడానికి ఆ రోజుల్లో శ్రీసభ చట్టం ఒప్పుకునేది కాదు. ఆమె పాపుగారి దగ్గర నుంచి ప్రత్యేక అనుమతి పొంది సన్యాసినిగా ఉంటూనే డాక్టరుగా పనిచేశారు. అందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో. చాలామంది ఆమె త్యాగాన్ని పొగుడుతారు. నన్ను ఆశ్చర్యపరిచేది త్యాగం కంటే ఈ సంగతి. ఆమె ‘డాక్టరునా, సన్యాసినినా’ అని రెండు ముక్కలు కాలేదు. కాలిన్స్ స్ట్రీట్ బోర్డు మీద ఉన్న పేరు పోయింది, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే కొత్త పేరు వచ్చింది, మనిషి మాత్రం ఇంకా నిండుగా ఆమే అయ్యారు. ఒక చిన్న డిస్పెన్సరీతో మొదలై అది ఆసుపత్రిగా పెరిగింది. స్థానిక ఆడపిల్లలకు కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా శిక్షణ ఇచ్చారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులను ఒక సంఘంగా కూర్చడానికి పూనుకున్నారు. ఆ సంఘమే ఈనాటి చాయ్, దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. చికిత్స ఎంత ముఖ్యమో, చికిత్సలో నీతి అంత ముఖ్యమని ఆమె పట్టుదల. అందుకే మన విలువలతో నడిచే వైద్య కళాశాల కావాలని కలగన్నారు. ఆమె 1957లో బెంగళూరులో క్యాన్సరుతో చనిపోయారు. ఆ కల 1963లో అదే ఊళ్ళో సెయింట్ జాన్స్ కళాశాలగా నెరవేరింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఇంత పెద్దావిడను నా పక్కన పెట్టి మాట్లాడుకోవడం సిగ్గుగా ఉంది. ఆమె నుంచి నాకు దక్కింది ఒక చిన్న విషయం. ‘నేను చిన్న నర్సును’ అనే మాట నేను ఉద్యోగం నుంచి తెచ్చుకున్న పేరు. దేవుడు నన్ను ఆ పేరుతో పిలవలేదు.

విశ్వాసం గట్టిగా ఉందనుకునే మనలో వచ్చే ఒక జబ్బు గురించి కూడా చెప్పకపోతే ఈ మాటలు సగమే అవుతాయి. నైతిక సత్యం చేతికి దొరకగానే కొందరికి అది కర్ర అవుతుంది. నేను మిషన్ ఆసుపత్రికి తిరిగి వచ్చిన కొత్తలో పెళ్ళికాని పిల్ల ఒకతె నాటుమందు తిని, జ్వరంతో, వాసనతో వచ్చి పడింది. సెప్టిక్ అయింది. మాలో ఒకరు ఆమెకు వినబడేలా నోటికొచ్చినట్టు అన్నారు. నేను అనలేదు గాని ఆపలేదు కూడా. రాత్రి డ్యూటీలో ఉన్న వృద్ధ సిస్టరుగారు మాత్రం వచ్చి, ఆ పిల్ల తల దువ్వి, ‘నీ పేరేమిటి నాన్నా’ అని అడిగారు. తెల్లవార్లూ ఆ పేరుతోనే పిలిచారు. కడుపులోని బిడ్డకు విలువ ఉందని చెప్పే సత్యమే ఆ మంచం మీది పిల్లకు కూడా విలువ ఉందని చెబుతుంది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలినవారి దగ్గర ఉన్నది కతోలిక సత్యం కాదు, సగం కాగితం. ఆ పిల్ల బతికింది.

ఈ సత్యం మన ఒక్కరి సొత్తు అనుకోవడం కూడా పొరపాటే. నేను మానేసిన నర్సింగ్ హోముకు నాలుగు వీధుల అవతల ఒక హిందూ డాక్టరమ్మ ఉండేవారు. ఎంత డబ్బిస్తామన్నా ఆ పని చేయనని తలుపు మీదే రాసి పెట్టుకున్నారు. చట్టప్రకారం మొదటి తప్పుకు మూడేళ్ళ వరకు జైలు, పదివేల వరకు జరిమానా ఉంది గాని, ఆమెను ఆపింది ఆ భయం కాదు. ‘మా అమ్మకు నేను ఐదో ఆడపిల్లనండీ’ అనేవారు. మంచి చెడుల ధర్మాన్ని దేవుడు ప్రతి మనిషి హృదయంలో రాశాడని శ్రీసభ బోధిస్తుంది. జపమాల వేసుకున్న నేను చదవలేకపోయిన ఆ రాత ఆమె చదువుకున్నారు. అయితే విశ్వాసం ఎందుకు అని మా అబ్బాయే ఒకసారి నన్ను నిలదీశాడు. నాకు తెలిసిన జవాబు ఇది: తప్పిపోయిన తరువాత తిరిగి రావడానికి. ఆ డాక్టరమ్మ తప్పలేదు, నేను తప్పాను. పాపసంకీర్తనపు గడప దగ్గర నాకు నా పేరు మళ్ళీ దొరికింది. చేసిన తప్పు నా పేరు కాదని అక్కడ తెలిసింది. చేసినది తప్పు కాదని మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు. ఈ రెండూ కలిపి ఒకేచోట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఫారం పట్టుకుని వచ్చిన పిల్లకు మర్నాడు కబురు చేశాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే రాయమన్నాను, నిబంధన అదే. ‘మరి గుడి పేరు?’ అంది. ‘దాన్ని ఫారంలో అడగరు. వార్డులో అడుగుతారు. ఎవరు అడుగుతున్నారో ఆ క్షణంలో నీకు తెలియకపోవచ్చు’ అని, నా శుక్రవారం సంగతి మొత్తం చెప్పాను. తల వంచుకుని విన్నది. ఏమనుకుందో తెలియదు. ఇప్పుడు ఆడవాళ్ళ మెడికల్ వార్డులో ఆమెకు పోస్టింగు పడింది. నిన్న రౌండ్లకు వెళ్ళినప్పుడు, హ్యాండోవర్ ఇస్తూ, ‘ఏడో నంబరు బెడ్’ అని మొదలుపెట్టి ఆగిపోయి, కేస్ షీట్ తిప్పి చూసి, పేషెంటు పేరు చదివింది.